నాన్నగారి స్టూడియో పెట్టెలో యాషికా 635, మరో మూడు కెమెరాలు: ఏం చేయమంటారు?

తెనాలి వెలుగు (జూలై 6, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. ఏడాదిగా మీ చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా నాన్నగారు తెనాలిలో 1968 నుంచి 2004 వరకు ఫొటో స్టూడియో నడిపారు. నిరుడు కాలం చేశారు. మొన్న ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక ఇనప్పెట్టె కనబడింది. అందులో యాషికా 635 ఉంది, తోలు కేసుతో సహా. దాని లెన్సులు రెండింటిలోనూ సాలెగూడు లాంటి సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. ఇంకా ఒక ఆగ్ఫా క్లిక్ 3, హీలియోస్ 44-2 లెన్సుతో ఒక జెనిత్ ఇ, సూపర్ టకుమార్ 50 మిల్లీమీటర్ల 1.4 లెన్సుతో ఒక పెంటాక్స్ స్పాట్‌మాటిక్ ఉన్నాయి. టకుమార్ గాజు తేనె రంగుకు తిరిగింది.

పాత సామాను కొనే ఒకాయన వచ్చి నాలుగింటికీ కలిపి ఆరు వేలు ఇస్తానన్నాడు. అమ్మ "నీ ఇష్టం రా" అంది, కానీ అలా అంటున్నప్పుడు కెమెరా వైపు చూడలేదు. నాకు ఫోనుతో తప్ప ఫొటోలు తీయడం రాదు. ఏవి ఉంచుకోవాలి, ఏవి బాగవుతాయి, దయచేసి చెప్పండి.

కోఠి బాటసారి (జూలై 6, రాత్రి 9:48)

తెనాలి గారూ, ముందు మూడు పనులు మానండి. అమ్మకండి, తుడవకండి, ఎక్కడా నూనె చుక్క వేయకండి. ఆయన చెప్పిన డబ్బు ఆ టకుమార్ ఒక్కదానికే పలుకుతుంది.

ఇప్పుడు 635 సంగతి. జంట లెన్సుల కెమెరాల్లో పై లెన్సు మనం చూసుకోవడానికి మాత్రమే. ఫిల్ము మీద బొమ్మ పడేది కింది లెన్సు నుంచి. కాబట్టి పైదానిలో ఎంత బూజున్నా ఫొటోకు నష్టం లేదు. కింది దాన్ని ఇలా పరీక్షించండి. వెనక తలుపు తెరవండి. వేగం చక్రాన్ని బి అక్షరం మీద పెట్టి, లెన్సులో కాంతి దూరే రంధ్రాన్ని, అంటే అపెర్చర్‌ను 3.5కు పూర్తిగా తెరవండి. లెన్సు పక్కనున్న మీటతో షట్టరు ఎక్కించి, బటన్ నొక్కి పట్టుకోండి. వెనక నుంచి ఫోను టార్చి కొంచెం ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. బూజు చెట్టు వేరులా కొమ్మలు కొమ్మలుగా పాకి ఉంటుంది. అంచున ఇంద్రధనుస్సు రంగుల మరక ఉంటే గాజు ముక్కలను అంటించిన జిగురు విడిపోతోందని అర్థం. కానీ మీ కెమెరాలో సాధారణంగా వచ్చే యాషికోర్ మూడు విడి గాజులతో చేసిన లెన్సు. అందులో అంటించిన జంట లేదు కాబట్టి ఆ బెడద ఉండదు.

జర్మనీలో ఫ్రాంకె అండ్ హైడెకె సంస్థ 1929లో రోలైఫ్లెక్స్ తెచ్చింది. ఆ నమూనా మీదే జపాన్‌లో ఎన్నో సంస్థలు జంట లెన్సుల కెమెరాలు చేశాయి. వాటిలో మన స్టూడియోల వాళ్లు అందుకోగలిగిన ధరలో దొరికినవి యాషికాలు. 635 వచ్చింది 1958లో. 120 రకం వెడల్పాటి ఫిల్ము రోల్‌తో 6×6 సెంటీమీటర్ల ఫొటోలు తీయవచ్చు, అడాప్టరు బిగిస్తే 35 మిల్లీమీటర్ల రీలూ వేయవచ్చు. పేరు అలా వచ్చిందే. ఆ అడాప్టరు ముక్కలు పెట్టెలో ఉన్నాయేమో వెతకండి, అన్నీ ఉన్న సెట్టు అరుదు.

ఉప్పుగాలి (జూలై 6, రాత్రి 10:30)

నేను విశాఖలో ఉంటాను, సముద్రానికి కిలోమీటరు దూరం. బూజుతో ఇరవై ఏళ్ల పోరు నాది, అందుకే ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఈ రాత్రే ఆ కెమెరాను తోలు కేసులోంచి బయటకు తీయండి. తోలు చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది, బూజుకు అదే తిండి కూడా. అటక మీద వానాకాలం గడిపిన కేసులో కెమెరా ఉంచడమంటే తడిగుడ్డలో చుట్టిపెట్టినట్టే. నేనైతే ఆ కేసును పారేస్తాను.

తరువాత గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు కొనండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటి రోజుల తరబడి ఉంటే బూజు లేస్తుంది. అలాగని 30కి దించితే తోలు, పాత జిగురు ఎండి పగులుతాయి. నీలం రంగు గింజలు గులాబీ రంగుకు తిరిగితే పళ్లెంలో పోసి పొయ్యి సెగన వేడి చేయండి, మళ్లీ నీలమవుతాయి. ఆ పళ్లెం వంటకు వాడకండి. కర్పూరం, కలరా ఉండలు మాత్రం పెట్టవద్దు, ఆ ఆవిరి గాజుకు మంచిది కాదు.

గాజుకన్ను (జూలై 6, రాత్రి 11:05)

ఉప్పుగాలి గారూ, కేసును వేరు చేయమనడం వరకు సరే, పారేయమనడం ఒప్పుకోలేను. కేసు లేని కెమెరా సగం కథే చెబుతుంది. నీడలో ఆరబెట్టి, పొడి బ్రష్షుతో దులిపి, వేరే సంచిలో దాచుకోవచ్చు కదా.

తెనాలి గారూ, మీ టకుమార్ పసుపు రంగుకు తిరగడం బూజూ కాదు, మురికీ కాదు. ఆ లెన్సులో ఒక గాజుకు థోరియం కలిపారు. కాంతిని బాగా వంచే గాజు కావాలని ఆ రోజుల్లో చాలా సంస్థలు అలా చేశాయి. థోరియం రేడియోధార్మిక పదార్థం కాబట్టి దశాబ్దాలు గడిచేసరికి గాజు తేనె రంగుకు తిరుగుతుంది. భయపడకండి, ఆ గాజును పగలగొట్టనంత వరకు, అరగదీయనంత వరకు మామూలుగా వాడుకోవచ్చు. అతినీలలోహిత కాంతి తగిలితే రంగు విరిగిపోతుంది. నా లెన్సును వరంగల్‌లో మా మేడ మీద చలికాలం ఎండలో అపెర్చర్ పూర్తిగా తెరిచి, అడుగున అల్యూమినియం రేకు పరచి మూడు వారాలు పెట్టాను. చిక్కటి టీ రంగులో ఉన్నది నిమ్మరసం రంగుకు వచ్చింది. వేసవి ఎండలో మాత్రం వద్దు, లోపలి గ్రీజు కరిగి అపెర్చర్ రేకుల మీదికి పాకుతుంది. తొందరగా కావాలంటే అతినీలలోహిత దీపం కింద కొన్ని రోజులు పెడితే చాలు.

ఎండలో పెట్టేటప్పుడు లెన్సును కెమెరాకు బిగించి ఉంచకండి. లెన్సు సూర్యుణ్ని ఒక చుక్కగా చేసి లోపల గుడ్డ షట్టరును కాల్చేస్తుంది.

తెనాలి వెలుగు (జూలై 7, ఉదయం 7:20)

కేసు పారేయలేదు, ఆ మాటే ముందు చెప్పాలి. రాత్రి మీరన్నట్టు కెమెరా బయటకు తీశాను. కేసు మూత లోపల మడతలో ఒక కాగితం ముక్క ఉంది. నాన్నగారి చేతిరాతలో: "కొల్లిపర పెళ్లి. ముహూర్తం తె. 3.40. రోళ్లు 4. బల్బులు." అంతే. తేదీ లేదు. బల్బుల సంఖ్య రాయబోయి ఆపేసినట్టుంది.

టార్చి పరీక్ష చేశాను. కింది లెన్సులో వేళ్లు పాకినట్టున్న మరక ఒక అంచున, కందిగింజంత. నడిమి భాగం శుభ్రంగా ఉంది. కెమెరా ఎడమవైపు తోలుపొర బొటనవేలు ఆనే చోట అరిగి నున్నగా మెరుస్తోంది. ఆ పొర కొత్తది వేయించాలా?

కోఠి బాటసారి (జూలై 7, ఉదయం 8:02)

వద్దు. అది మీ నాన్నగారి బొటనవేలు.

చీకటిగది (జూలై 7, మధ్యాహ్నం 2:15)

నాయనా, నాకు డెబ్బయ్యారేళ్లు. రాజమండ్రిలో నలభై ఏళ్లు స్టూడియో నడిపాను. ఆ కాగితం గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

నాలుగు రోళ్లంటే నలభై ఎనిమిది ఫొటోలు. తెల్లవారుజాము పెళ్లి అంతా ఆ నలభై ఎనిమిదిలో పట్టించాలి. జీలకర్ర బెల్లానికి రెండు, మంగళసూత్రానికి ఒకటి, తలంబ్రాలకు మూడు, తరువాత బంధువుల గుంపులు. మంగళసూత్రానికి రెండోది తీసే వీలుండదు. 635లో ఫిల్ము తిప్పడం వేరు, షట్టరు ఎక్కించడం వేరు. ఒక్కో ఫొటోకు ఒక ఫ్లాష్ బల్బు, కాలగానే వేడిగా ఉంటుంది, జేబురుమాలుతో పట్టి తీసి కొత్తది పెట్టాలి. ఇదంతా అయ్యేసరికి మూడో ముడి పడిపోతుంది. అందుకే ముందు రోజే బల్బులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకునేవాళ్లం.

120 రోలే ఎందుకు వాడేవాళ్లమో కూడా చెబుతాను. పెద్ద నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేయవచ్చు. ముఖం మీద మచ్చలు, కళ్ల కింద గీతలు పెన్సిల్ మొనతో చుక్క చుక్కగా పూడ్చేవాళ్లం. కొన్ని చోట్ల ఎర్ర రంగు పూసేవాళ్లం. నెగెటివ్ మీద రంగు కాంతిని ఆపుతుంది కాబట్టి ప్రింటులో ఆ చోటు తేటగా వస్తుంది. 35 నెగెటివ్ మీద ముఖం మినపగింజంత ఉంటుంది, పెన్సిల్ ఎక్కడ పెడతాం?

విదేశీ ఫిల్ము దొరకని రోజుల్లో ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వాళ్ల ఇందు ఫిల్ము, ఇందు పేపరు మమ్మల్ని నిలబెట్టాయి. మీ పెట్టెలోని క్లిక్ 3 కూడా మన దేశంలో, బరోడాలో తయారైనదే. కాస్త డబ్బున్న ఇళ్లలో పిల్లల చేతికి ఇచ్చిన మొదటి కెమెరా అదే. దానితో తీసిన రోళ్లు కడగడానికి మా దగ్గరికే వచ్చేవి. సగం ఫొటోల్లో తలలు తెగి ఉండేవి, అయినా ఆ పిల్లలు ప్రింట్లు చూసి గంతులు వేసేవారు.

ఇవన్నీ సరే. కెమెరాల గురించి ఇంతమంది ఇంత శ్రద్ధగా చెప్పారు. ఒక్కరూ అడగని మాట నేను అడుగుతాను. నెగెటివ్‌లు ఎక్కడున్నాయి?

కోఠి బాటసారి (జూలై 7, మధ్యాహ్నం 3:40)

పెద్దాయన అడిగిన ప్రశ్న నేనే మొదట అడగాల్సింది. పదిహేనేళ్లుగా జుమ్మేరాత్ బజారులో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరుగుతున్నాను. మూతపడిన స్టూడియోల కెమెరాలు అక్కడ దుప్పటి మీద పరచి ఉంటాయి. నెగెటివ్‌లు మాత్రం కనబడవు. వాటిని ముందే చెత్తలో పోసి ఉంటారు. యాషికా ఇంకోటి కొనవచ్చు. కొల్లిపర పెళ్లి ఇంకెక్కడ దొరుకుతుంది?

సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పేరు పొందిన రాజా దీన్ దయాళ్ గురించి ఈ రోజు మాట్లాడుకుంటున్నామంటే ఆయన గాజు పలకలు మిగలబట్టే. వాటిలో చాలా ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. తెనాలి స్టూడియోకు అలాంటి కేంద్రం ఏదీ రాదు. మీరే ఆ కేంద్రం.

తెనాలి వెలుగు (జూలై 7, రాత్రి 8:55)

అమ్మను అడిగాను. మంచం కింద ఉన్నాయంది. ఫొటో పేపరు వచ్చే పాత అట్టపెట్టెలు, లెక్కపెడితే 41. కొన్నింటి మీద సంవత్సరం, కొన్నింటి మీద ఊరి పేరు. మూడు పెట్టెలు తెరవగానే ఆవకాయలో పులుపు తిరిగినట్టు ఘాటు వాసన. వాటిలో రీళ్లు అలల్లా వంకర తిరిగాయి. నీళ్లతో కడగవచ్చా?

చీకటిగది (జూలై 7, రాత్రి 9:05)

కడగకు! పెన్సిల్ టచింగ్ చేసింది ఆ నెగెటివ్‌ల మీదే. తడిగుడ్డ పెడితే మీ నాన్న చేతిపని పోతుంది. బూజు పట్టి ఉంటే ఫిల్ము మీది జిలేటిన్ పూత నీళ్లు తగలగానే కరిగి జారిపోతుంది కూడా.

టెక్సాస్ రోల్ (జూలై 8, ఉదయం 6:30)

డల్లాస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఒక గ్రంథాలయంలో పాత ఫొటోలు భద్రపరచే విభాగంలో స్వచ్ఛందంగా పనిచేస్తాను.

ఆ ఘాటు వాసన వెనిగర్‌ది. ఫిల్ముకు ఆధారంగా ఉన్న ప్లాస్టిక్ సెల్యులోజ్ అసిటేట్. వేడికి, చెమ్మకు అది విరిగి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లమే ఫిల్ము పాడవడాన్ని ఇంకా వేగిరం చేస్తుంది. పక్క పెట్టెలకూ అంటుతుంది. అందుకని ఆ మూడింటినీ ఇప్పుడే వేరే గదిలోకి మార్చండి. స్కానింగ్ వాటితోనే మొదలుపెట్టండి, ఎందుకంటే వాటికి ఉన్న సమయం తక్కువ. మిగిలినవి ఆగుతాయి.

పీవీసీ కవర్లలో పెట్టవద్దు. పాలీప్రొపిలీన్ కవర్లు, లేదా ఆమ్లం లేని కాగితపు కవర్లు వాడండి. నూలు చేతితొడుగులు వేసుకుని అంచులే పట్టుకోండి. ఖరీదైన స్కానరు అవసరం లేదు. తెల్లటి వెలుతురు పలక మీద నెగెటివ్ పరచి, పైనుంచి స్టాండుకు బిగించిన డిజిటల్ కెమెరాతో, దగ్గర నుంచి తీసే లెన్సుతో ఒక్కొక్కటి తీయవచ్చు. మెరిసే వైపు, మెరవని వైపు రెండూ గమనించండి, రసాయన పూత ఉన్నది మెరవని వైపు. అట్టపెట్టె మీద రాతలను కూడా ఫొటో తీసి అదే వరుసలో దాచండి. ఊరి పేరు పోతే ఆ ముఖాలు ఎవరివో ఎప్పటికీ తెలియదు.

గాజుకన్ను (జూలై 8, ఉదయం 10:12)

635ను బాగు చేయించేటప్పుడు ఒక జాగ్రత్త. రెండేళ్ల క్రితం నా లెన్సును బూజు తీయమని ఒక దుకాణంలో ఇచ్చాను. గాజు మెరిసిపోతూ తిరిగి వచ్చింది. ఫొటో తీస్తే మధ్య మాత్రమే స్పష్టం, చుట్టూ పొగమంచు. లోపలి గాజు ఒకటి తిరగేసి బిగించారు. అది తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు, మూడు రోళ్లు పట్టింది. విప్పేటప్పుడు ప్రతి గాజు అంచున పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టే మనిషి దొరికే వరకు ఇవ్వకండి.

ఉప్పుగాలి (జూలై 8, ఉదయం 11:00)

అంచున కందిగింజంత అంటే నేను విప్పించను. బూజు ఆమ్లం వదిలి పూతను తినేస్తుంది. తుడిచినా ఆ మచ్చ పోదు. పెరగకుండా ఆపితే చాలు, పొడి డబ్బాలో ఉంచండి. ఎండకు ఎదురుగా తీసినప్పుడు కొంచెం తెల్లదనం వస్తుందంతే. తోలు కేసు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కాగితం ఉన్న కేసును నేనూ పారేయను.

తెనాలి వెలుగు (జూలై 12, సాయంత్రం 6:40)

షట్టరు ఫోనులో శబ్దం రికార్డు చేసి చూశాను. 1/125 వరకు చక్కగా ఉంది. ఒక సెకను పెడితే దాదాపు రెండు సెకన్లు సాగుతోంది. దీనితో ఒక రోల్ తీయవచ్చా? ఏ ఫిల్ము కొనాలి?

కోఠి బాటసారి (జూలై 12, సాయంత్రం 7:15)

తీయండి. నిదానపు వేగాల గ్రీజు ఎండింది, పగటి వెలుతురులో వాటి పని లేదు. ముందున్న వి గుర్తు సెల్ఫ్ టైమర్ మాత్రం వాడకండి, పాత కోపాల్ కంపెనీ షట్టర్లు అక్కడే బిగుసుకుపోతాయి.

ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ 120 రోల్ ఒకటి కొనండి. ఫిల్ము వేగం (ఐఎస్ఓ) 400. నిండు ఎండలో షట్టరు వేగం 1/500, అపెర్చర్ 16. నీడలో 1/125, అపెర్చర్ 5.6 నుంచి మొదలుపెట్టండి. ఫిల్ము వెనక కాగితం మీది బాణం గుర్తును కెమెరా లోపలి గుర్తులకు సరిగా ఆనించి తలుపు మూయండి. పై అద్దంలో బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కదులుతుంది, పది నిమిషాల్లో చేయి అలవాటు పడుతుంది.

చీకటిగది (జూలై 12, రాత్రి 8:30)

కడగడం నువ్వే చేయి, నాయనా. డీ-76 డెవలపరు కలిపిందాన్ని నీరు చేర్చకుండా వాడితే, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. జూలైలో మన కుళాయి నీళ్లు 30 దగ్గర ఉంటాయి. గిన్నెలో ఐసు ముక్కలు వేసి, సీసాను ఆ గిన్నెలో నిలబెట్టి చల్లార్చు. ఐసు డెవలపరులో పడకూడదు. తరువాత బొమ్మను నిలబెట్టే హైపో, తరువాత నిదానంగా నీళ్లు.

తెనాలి వెలుగు (ఆగస్టు 17, రాత్రి 10:20)

ఆలస్యానికి క్షమించండి. వెనిగర్ వాసన వచ్చిన మూడు పెట్టెలు పూర్తయ్యాయి. 612 నెగెటివ్‌లు. వాటిలో 70 దాకా పూత ముడతలు పడి పగిలాయి, అయినా ముఖాలు తెలుస్తున్నాయి. కొల్లిపర అని రాసిన పెట్టె ఇంకా దొరకలేదు, వెతకాల్సినవి 38 ఉన్నాయి.

వెలుతురు పలక మీద ఒక ఆవిడ నెగెటివ్ పెట్టి పెద్దది చేసి చూశాను. ఎడమ చెంప మీద పెన్సిల్ చుక్కలు వందల కొద్దీ ఉన్నాయి, ఒక్కటీ ఇంకోదాని మీద పడలేదు. పక్కనే కూర్చున్న అమ్మ చూసి, "రాత్రి పదింటి దాకా కిటికీ దగ్గర కూర్చుని అవే పెట్టేవారు, భోజనం చల్లారిపోయేది" అంది.

రోల్ కూడా కడిగాను. పన్నెండిటిలో తొమ్మిది వచ్చాయి. రెండు ఖాళీ, షట్టరు ఎక్కించడం మరచిపోయాను. ఒకదానిలో ఫిల్ము తిప్పకుండా రెండుసార్లు నొక్కినట్టున్నాను, పెరట్లోని నూతి గిలక మీద అమ్మ ముఖం పడింది. మిగిలిన వాటిలో అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. అది నాన్నగారు టచింగ్ చేసిన కిటికీ. బూజు మరక వల్ల ఒక పక్క కాంతి కొంచెం పాల రంగులో వచ్చింది. తీయించుకోను, అలాగే ఉండనిస్తాను.

పాత సామాను ఆయనకు ఫోను చేసి అమ్మడం లేదని చెప్పాను. ఒక ప్రశ్న: హీలియోస్‌ను మా తమ్ముడి నికాన్ డిజిటల్ ఎస్ఎల్ఆర్‌కు బిగించవచ్చా?

గాజుకన్ను (ఆగస్టు 17, రాత్రి 10:51)

బిగుసుకుంటుంది కానీ దూరపు వస్తువులు మసకగానే ఉంటాయి. మీ జెనిత్, స్పాట్‌మాటిక్ రెండింటిదీ 42 మిల్లీమీటర్ల మర బిగింపు. ఆ లెన్సు ఫిల్ముకు 45.46 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి. నికాన్‌లో ఆ దూరం 46.5. మిర్రర్‌లెస్ కెమెరా ఎవరిదైనా దొరికితే మామూలు అడాప్టరుతో సరిపోతుంది. లేదంటే స్పాట్‌మాటిక్‌కే బిగించి ఫిల్ము వేయండి. దాని వెలుతురు మీటరుకు పాత పాదరసం బ్యాటరీ దొరకదని బెంగ వద్దు, అందులో విద్యుత్ వలయం 1.55 వోల్టుల సిల్వర్ బ్యాటరీతోనూ సరిగానే చూపిస్తుంది. హీలియోస్‌కు రెండు అపెర్చర్ చక్రాలు ఉంటాయి. ఒకటి అంకె పెట్టడానికి, ఇంకోటి తెరవడానికి మూయడానికి. తెరిచి ఫోకస్ చేసుకుని, మూసి నొక్కండి. వెనక ఆకులున్న చెట్టు దగ్గర అమ్మగారిని నిలబెట్టి అపెర్చర్ 2 దగ్గర ఒకటి తీయండి. ఆకులు ఆమె చుట్టూ సుడి తిరుగుతాయి.

చీకటిగది (ఆగస్టు 18, ఉదయం 5:40)

ఆ పెన్సిల్ చుక్కల నెగెటివ్ ఇక్కడ పెట్టగలవా? ఏ గ్రేడు పెన్సిల్ వాడాడో చూడాలని ఉంది.